ఏడు గంటల లోపల సిద్ధిరాములు

మా ఆయన సిద్ధిరాములు ఇరవై ఆరేళ్లుగా పంజాగుట్టలో ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నాడు. ఇన్నేళ్లలో చెప్పిన రోజుకు ఇచ్చిన జాకెట్లు ఎన్నని నన్నడిగితే, లెక్కపెట్టడానికి నా వేళ్లు చాలు. నేను ఆయన భార్యను, పేరు చంద్రావతి. ఫాల్స్ వేయడం, హుక్కులు, కాజాలు కుట్టడం అదే షాపులో నా పని. కాబట్టి నా మాట నమ్మొచ్చు.

పనితనానికి వంక పెట్టలేం. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి. బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఉతికితే ఎంత ముడుచుకుంటుందో చెప్పేస్తాడు. చెయ్యి బంగారం, నోటితోనే తంటా. ఎవరొచ్చినా కాదనడం రాదు. "రేపు రా అక్కా, అయిపోతది" అంటాడు. రేపు వస్తే కరెంటు పోయిందంటాడు. ఎల్లుండి వస్తే కాజాలు కుట్టే మనిషికి జ్వరమంటాడు. ఆ కాజాలు కుట్టే మనిషిని నేనే. పక్కనే కూర్చుని, ఎదురుగా ఉన్నావిడ జాలిగా చూస్తుంటే దగ్గాలా వద్దా అని ఆలోచించేదాన్ని. ఆయన పుణ్యాన నాకు వచ్చినన్ని జ్వరాలు పంజాగుట్టలో ఇంకెవరికీ వచ్చి ఉండవు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. రెండేళ్ల కింద ఆ అలవాటే మా వనిత చదువు మీదికి వచ్చింది.

వనిత మా ఒక్కగానొక్క కూతురు. ఫార్మసీ చదవాలని చిన్నప్పటి నుంచీ పట్టు. ఎంట్రన్స్ పరీక్ష సెంటర్ గండిమైసమ్మ దాటాక ఎక్కడో పడింది. తొమ్మిదికి గేటు మూస్తారు, నిమిషం లేటైనా లోపలికి రానివ్వరు. మన రాష్ట్రంలో పిల్లలున్న ఇళ్లన్నింటికీ తెలిసిన సంగతే ఇది. నేను ముందురోజే ఆటో మాట్లాడతానన్నాను.

"ఆటో ఎందుకే? నా బిడ్డను నేనే దింపుత. పొద్దుగాల షాపుకు పోయి జర పని చూస్కొని, ఏడుకల్లా ఇంట్ల ఉంట" అన్నాడు.

మా ఇల్లు అమీర్‌పేటలో. షాపుకు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆరింటికి పోయాడు. ఏడైంది, రాలేదు. ఏడూ పదికి వనితకు "బయల్దేరిన" అని మెసేజ్ పెట్టాడు. ఇక వస్తాడు, అదిగో వస్తాడు అని పిల్లా నేనూ గల్లీ మొదట్లో నిలబడ్డాం. బండి వచ్చేసరికి ఏడూ యాభై. "పంజాగుట్ట సర్కిల్ ల మస్తు జామ్. నేనేం చెయ్యాలె?" అన్నాడు. వాళ్లు గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిది దాటి నాలుగు నిమిషాలు.

వనిత ఇంటికొచ్చి ఏడవలేదు. చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, "అమ్మా, జామ్ ఏం లేకుండె. ఆయన అబద్ధం చెప్తుండు" అంది. నాకు కోపం నషాళానికి అంటింది. కన్నతండ్రిని పట్టుకుని అబద్ధాలకోరంటావా అని తిట్టాను. జాముకు ఆయనేం చేస్తాడన్నాను. అంతే, ఆ పిల్ల ఆ రోజు నుంచి తండ్రితో మాట బంద్ పెట్టింది. వచ్చే ఏడాది మళ్లీ రాయవే అని బతిమాలితే రాయనని మొండికేసింది. బీకాంలో చేరింది. మధ్యాహ్నం నుంచి అమీర్‌పేటలోనే ఒక కళ్లద్దాల షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. ఇంట్లో ఆయనకేం చెప్పాలన్నా నా ద్వారానే. "అమ్మా, ఆయన ఫోన్ మోగుతుంది చెప్పు." ఆయన మూడడుగుల దూరంలోనే ఉంటాడు.

అప్పటి నుంచి మా ఆయనకు కాలు నిలవడం మానేసింది. పొద్దంతా మిషన్ ముందు కదలకుండా కూర్చునే మనిషి పది నిమిషాలకోసారి లేచేవాడు. చాయ్‌కని లేచేవాడు, దారం రీలు కోసమని లేచేవాడు, ఏదీ లేకపోతే షట్టర్ దగ్గర నిలబడి రోడ్డు చూసేవాడు. సాయంత్రం బండి నన్ను తీసుకుపొమ్మని తాను నడిచి వచ్చేవాడు. నడిచి ఇంటికి రావాలి కదా, ఇల్లు దాటి ఎస్.ఆర్. నగర్ దాకా పోయి, అక్కడ హాస్టళ్ల గల్లీలన్నీ తిరిగి, అన్నం చల్లారాక వచ్చేవాడు. నాకు అనుమానం వచ్చి డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లాను. బీపీ బాగానే ఉంది, షుగర్ లేదు. 

"మరేమైతుందయ్యా నీకు?" అని అడిగాను.

"కూసుంటే గుండెల గుబగుబ అంటుందే. నడిస్తె జర తక్కువైతది."

ఈ ఏడాది మొదట్లో, భార్గవ్ అని ఎర్రమంజిల్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకడు భార్య జాకెట్ కోసం మా షాపుకు నాలుగోసారి వచ్చాడు. జాకెట్ ఎప్పటిలాగే కాలేదు. ఆ అబ్బాయి కోప్పడకుండా, "అన్నా, నేనెప్పుడు వచ్చినా మీరు నిలబడే ఉంటున్నరు. మా తోటి ఉరకరాదు?" అని నవ్వాడు. వాళ్లు పది మంది తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డులో పరుగెత్తుతారట. ఆగస్టులో మారథాన్ ఉందట. నలభై రెండు కిలోమీటర్లు, గచ్చిబౌలి దాకా. ఏడు గంటల్లో పూర్తి చేయాలట.

"ఏడు గంటల తర్వాత వస్తే?" అని మా ఆయన అడిగాడు.

"లెక్కలకు రాదన్నా. ఎనుక నుంచి బస్సు వస్తది, ఎక్కించుకుంటరు."

మా ఆయన చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, నా వైపు చూస్తూ, పక్కగదిలో ఉన్న వనితకు వినపడేంత గట్టిగా చెప్పాడు. "మారథాన్ ఉరుకుత. ఏడు గంటలంటే ఏడు గంటలల్ల అయిపోగొడ్త. ఒక్క నిమిషం లేట్ కాను."

లోపలి నుంచి వనిత, "అమ్మా, మారథాన్ ను సుత రేపు రమ్మంటడేమో అడుగు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆ నవ్వు మింగేశాను.

ఇక మొదలయ్యాయి నా తిప్పలు. నాలుగింటికి అలారం. పంజాగుట్ట మీదుగా ఖైరతాబాద్, అక్కణ్నించి నెక్లెస్ రోడ్డు, మళ్లీ వెనక్కి. మొదటి వారం రెండు కిలోమీటర్లకే రొప్పుతూ రోడ్డు పక్కన కూలబడ్డాడట. రెండో నెలలో మోకాలు వాచింది. వాచిన మోకాలితో మిషన్ తొక్కడమెలా అని నేను అరిస్తే, మోటారు పెట్టించుకున్నాడు. పొద్దున వంటింట్లో కోడిగుడ్లు, రాగి జావ. మధ్యాహ్నం మిషన్ మీదే కునుకు. ఒకసారి జాకెట్ చంక దగ్గర కుడుతూ నిద్రపోయి, చెయ్యి దూరే చోటు మూసేసి కుట్టాడు. ఆ కుట్లు విప్పుతూ నేను ఎవరెవరిని తిట్టానో ఇక్కడ రాయను.

"యాభై ఏండ్లు వస్తున్నయ్. గీ ఉరుకుడేంది నీకు? మెడల్ తోటి కూర వండుకుంటమా?" అని ఒక రోజు గట్టిగానే అడిగేశాను.

ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండా, "వనిత చూడాలెనే. నేను టైముకు వస్తనని చూడాలె. గంతే" అన్నాడు. నేను పోయి రాగి జావ కలిపాను.

శ్రావణ మాసం వచ్చింది. పెళ్లిళ్లు, నోములు, వరలక్ష్మీ వ్రతాలు. లేడీస్ టైలర్‌కు పండగంటే అదే. షాపులో బట్టల మూటలు నిలువెత్తు. అలాంటి రోజుల్లో నా చెవులతో నేను విన్నాను, మా ఆయన ఒకావిడతో "కాదమ్మా" అన్నాడు. పదిహేను రోజులు పడుతుంది, ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే వేరే దగ్గర చూసుకోండి అన్నాడు. స్వరాజ్యం టీచరమ్మ పాత ఖాతాదారు, రిటైరై పదేళ్లైంది. ఆమెకైతే అవమానమే జరిగినట్టైంది.

"ఏమయ్యా సిద్ధిరాములూ, ఒంట్లో బాగలేదా? ఎప్పట్లెక్క రేపు రమ్మనరాదు? నాలుగుసార్లు తిరుగుత, నాకేం పని?"

"లేదు టీచరమ్మ. పదిహేను రోజులకు ఒక్కసారే రండి. ఇస్త."

ఇచ్చాడు కూడా. చెప్పిన రోజు, చెప్పిన పూట. ఆ నెలంతా నాకు ఒక్క జ్వరం రాలేదు. వనితకు ఈ సంగతులన్నీ నేను కథలు కథలుగా చెప్పేదాన్ని. అది వినేది. వింటూ ఫోన్ చూసుకునేది. నాకు దాన్ని పట్టుకుని ఊపేయాలనిపించేది.

పరుగుకు నాలుగు రోజుల ముందు మా ఆయన తన నిక్కరు తానే కుట్టుకున్నాడు. కొన్నవాటికి కుట్టు సరిగా ఉండదట. కుట్టు చక్కగానే వచ్చింది, దారం సన్నంగా, అంచు నున్నగా. కానీ చెయ్యి అలవాటు చెయ్యిది. జాకెట్ కుట్టే టైలర్ ఎవరైనా లోపల రెండంగుళాల బట్ట మిగులుస్తాడు. రేపు మనిషి లావెక్కితే కుట్టు విప్పి వదులు చేసుకోవాలి కదా. మా ఆయన తన నిక్కరులోనూ రెండు వైపులా, తొడల మధ్యనా రెండేసి అంగుళాలు లోపలికి మడిచి వదిలేశాడు. నలభై రెండు కిలోమీటర్లు ఉరికే మనిషి దారిలో ఎక్కడ లావెక్కుతాడో మరి. నాకు కూడా తట్టలేదు. నేనూ ఆ షాపు మనిషినే కదా.

పరుగు రోజు ఐదింటికి మొదలు. వనిత రానంది. ఆయన అద్దం ముందు ఛాతీ మీద నంబరు కాగితానికి పిన్నీసులు గుచ్చుకుంటూ దాని గది తలుపు వైపు రెండుసార్లు చూశాడు. తలుపు తెరుచుకోలేదు. ఒక్కడే పోయాడు.

ఎవరెంత దూరం ఉరికారో ఫోన్‌లో కనిపిస్తుందని భార్గవ్ చెప్పాడు. నాకది చూడడం రాదు. వనితను అడిగితే మొహం ముడుచుకుంటూనే నంబరు కొట్టింది. వంటింట్లో ఉప్మా కలుపుతున్నానే కానీ ప్రాణం దాని ఫోన్ మీదే.

"నీ మొగుడు పది కిలోమీటర్లు దాటిండు" అంది.

గంటన్నర తర్వాత, "సగం అయింది. మూడు గంటల పది నిమిషాలు." నేను దేవుడికి దండం పెట్టాను. ఇలాగే పోతే ఏడు లోపలే కదా అన్నాను. అది లెక్క వేసి, "ముప్పై కాడికి తొమ్మిదీ ముప్పై అయిదుకు రావాలె" అంది. అడక్కుండానే చెప్పింది.

తొమ్మిదీ ముప్పై అయిదైంది. రాలేదు. నలభై. రాలేదు. వనిత ఆ ఫోన్‌ను వేలితో కిందికి లాగుతోంది, వదులుతోంది, మళ్లీ లాగుతోంది. నేను గడప దాకా పోయి వస్తున్నాను. ఎక్కడో పడిపోయి ఉంటాడనిపించింది. గుండె పట్టుకుని ఉంటాడనిపించింది. ఫోన్ ఇంట్లోనే పెట్టిపోయాడు. తొమ్మిదీ నలభై అయిదుకు వనిత లేచి, మేకుకున్న బండి తాళం అందుకుంది.

"పద" అంది.

"యాడికే?"

"గచ్చిబౌలికి. ఇంకేడికి?"

యూసుఫ్‌గూడ దాటుతుంటే దాని జేబులో ఫోన్ మోగింది. బండి పక్కకు ఆపి చూసింది. "ముప్పై దాటిండు. తొమ్మిదీ యాభై" అంది. నేను దాని భుజం పట్టుకున్నాను, అది విదిలించలేదు. పరుగు కోసం రోడ్లు మూసేశారు. ఒక గల్లీలోంచి ఇంకో గల్లీలోకి, అడిగినవాళ్లందరూ తలో దిక్కు చూపిస్తుంటే, గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి పదకొండు దాటింది.

మేము పరుగు ముగిసే గీత పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. మీద గడియారం నంబర్లు ఎర్రగా తిరుగుతున్నాయి. ఆరు గంటల నలభై. నలభై అయిదు. యువకులు కుంటుతూ వస్తున్నారు, ఒకమ్మాయి ఏడుస్తూ వచ్చింది. మా ఆయన లేడు. వనిత గోళ్లు కొరుకుతోంది. నాకు చేతిలోని నీళ్ల సీసా మూత తీయడం, పెట్టడం, అదే పనైంది. ఆరు గంటల యాభై రెండుకు మలుపు దగ్గర కనిపించాడు.

చూసి నేను మొదట గుర్తుపట్టలేదు. నిక్కరు తిరగేసి ఉంది. లోపల ఉండాల్సిన రెండంగుళాల బట్టలన్నీ బయట వేలాడుతూ కొట్టుకుంటున్నాయి. తర్వాత తెలిసింది, ఇరవై అయిదు దాటేసరికి ఆ మడతలు రాసుకుని తొడలు ఒరుసుకుపోయి నెత్తురొచ్చిందట. మాదాపూర్‌లో మెట్రో పిల్లర్ చాటుకు పోయి, ఎంతసేపో తంటాలు పడి తిరగేసి తొడుక్కున్నాడట. ఏ టైలరూ నలుగురికీ చూపించని కుట్లు వేసుకుని ఊరంతా ఉరికొచ్చాడు. ఆరు గంటల యాభై నాలుగు నిమిషాలకు గీత దాటాడు.

నేను ఏడుస్తున్నాను. ఆయన నా దగ్గరికి రాలేదు. మెడల్ మెడలో వేయించుకుని, కాళ్లు ఎడం పెట్టుకుని నడుస్తూ తిన్నగా వనిత ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"చూసినవా బిడ్డ? ఆరు నిమిషాలు ముందుగాలే వచ్చిన."

వనిత మెడల్ వైపు చూడలేదు. "నేనేం చెయ్యాలె? చప్పట్లు కొట్టాల్నా?" అంది. రెండేళ్లలో తండ్రితో నేరుగా అన్న మొదటి మాట అది.

"టైముకు వచ్చిన గదా అని..."

"గిప్పుడు టైముకు వస్తే నాకేమొస్తది? నిన్ను ఉరకమని నేనన్ననా? ఆ రోజు గంట సేపు బండి మీద నీ ఎనుక కూసున్న. నీ కాలర్ కు సూది గుచ్చి ఉండె. సూదిల పచ్చదారం ఎల్లాడుతుండె. నలభై నిమిషాలు జామ్ ల నిలబడ్డోడు ఆ సూది తియ్యకుండ ఉంటడా? చెప్పు."

మా ఆయన నోరు తెరిచాడు. నాకు ఆ నోరు తెలుసు. కరెంటు, జ్వరం, జామ్, ఏదో ఒకటి వచ్చేస్తుంది ఇప్పుడు అనుకున్నాను. రాలేదు. కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

"జామ్ లేకుండె బిడ్డ" అన్నాడు. "ఎర్రమంజిల్ క్వార్టర్స్ ల పెండ్లి. పెండ్లిపిల్ల జాకెట్ కు హుక్కులు వేయలే. పదింటికి ముహూర్తం. వాళ్ల అమ్మ షాపు ముందట నిలబడి ఏడుస్తుండె. కాదనలేకపోయిన. ఆరు హుక్కులే గదా, ఎంత సేపు అనుకున్న. నీకు బయల్దేరిన అని మెసేజ్ పెట్టి, కుట్టుకుంట కూసున్న. నువ్వు నా బిడ్డవే గదా, జర ఆగుతవు, ఎటు పోతవు అనుకున్న. తప్పు నాది. నీ ఏడాది నేనే పోగొట్టిన."

నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు ఆ జామును నెత్తిన మోశాను నేను. చుట్టాలకు చెప్పాను, ఇరుగుపొరుగుకు చెప్పాను, కన్నబిడ్డ నోరు మూయించాను. చేతిలోని సీసా ఆయన మొహాన కొడదామనే అనిపించింది. కానీ ఆయన తొడల మీంచి నెత్తురు మోకాళ్ల దాకా కారి ఎండిపోయింది.

వనిత అప్పుడు ఏడ్చింది. పరీక్ష పోయిన రోజు ఏడవనిది, అక్కడ అంతమందిలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"గీ ముక్క ఆ రోజే చెప్తే, వచ్చే ఏడు మళ్ల రాసేదాన్ని నాన్నా" అంది. "నీ అబద్ధం మీది కోపంతోనే నేను రాయలే."

మా ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. వనిత కాసేపటికి ముక్కు తుడుచుకుని, చున్నీ తీసి ఆయన నడుముకు చుట్టి, చంక కింద చెయ్యి వేసి లేపింది. బండి మీద ముగ్గురం పట్టం. నన్ను బస్సుకు రమ్మని చెప్పి, తండ్రిని వెనక ఎక్కించుకుని, మెల్లగా గేటు దాటింది.

నేను ఒక్కదాన్నే రోడ్డు మీద నిలబడ్డాను. వనిత నిజం చెప్పిన రోజు నమ్మనిది నేనే. ఇంటికి పోయాక ఆ మాట దానికి ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, అమీర్‌పేట పోయే బస్సు ముందు నుంచే పోతుంటే ఎక్కలేదు. తర్వాతది ఎక్కాను.